గోడకి తలుపు పిడి

నా అల్లుడు ఫణి మంచివాడు. నా అనుమానం అక్కడే మొదలైంది.

గుడివాడలో ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్‌గా చేసి రిటైరైనదాన్ని. ఏ పిల్ల నిజంగా జ్వరంతో పడుకుందో, ఏ పిల్ల సినిమాకి పోవడానికి దొంగ మూలుగులు మూలుగుతోందో గుమ్మంలోంచే చెప్పేసేదాన్ని. అలాంటి నాకు, ఏనాడూ గొంతు పెంచని, పెట్టిందేదో తిని కంచం తనే కడిగేసుకునే, పెళ్లాం ఏమన్నా "సరే" అనే మగవాడు ఎదురుపడితే ఏమనిపిస్తుంది? ఏదో దాస్తున్నాడనే అనిపిస్తుంది. ఆ ఏడు మే నెలలో అమెరికాలో, టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో మా నమ్రత ఇంట్లో దిగిన వారానికే అల్లుడి మీద ఓ కన్నేసి ఉంచాను.

వచ్చిన మొదటి శనివారమే అనుమానానికి మేత దొరికింది. భోజనాలవగానే ఫణి డైనింగ్ టేబుల్ శుభ్రంగా తుడిచి, కిటికీ తెరలు దించి, గళ్ల కాగితం ఒకటి పరిచాడు. అతని ఆఫీసులో పనిచేసే ఆర్యన్, అతని భార్య నీహారిక వచ్చారు. సంచీ ఒకటి టేబుల్ మీద గుమ్మరించారు. చూద్దును కదా, పాచికలు. మనం ఎరిగిన పాచికలు కావు. ఒకటి పిరమిడ్‌లా ఉంది, ఒకదానికి ఇరవై ముఖాలున్నాయి. నమ్రత మాత్రం ల్యాప్‌టాప్ పట్టుకుని మేడ మీదికి వెళ్లిపోయింది.

పట్టపగలు, పసిదాని ఎదురుగా, నా మనవరాలి ఎదురుగా జూదం. నేను పకోడీలు తీసుకొచ్చే వంకతో టేబుల్ చుట్టూ తిరిగాను.

"జూదం కాదు ఆంటీ," అంది నీహారిక నా మొహం చూసి. "ఇదొక కథ. ఫణి కథ నడుపుతాడు. మేమందరం అందులో మనుషులం. ఆర్యన్ పూజారి, నేను దొంగని. ఏదైనా చేద్దామనుకుంటే డైస్ వేస్తాం. పడిన నంబర్‌ని బట్టి అది జరుగుతుంది, లేకపోతే లేదు."

"నువ్వు దొంగవా అమ్మా?"

"చాలా మంచి దొంగని ఆంటీ."

ఆ కథలో వీళ్లు గుహలూ కోటలూ తిరుగుతూ ఉంటే దారిలో మంత్రం ఉన్న వస్తువులు దొరుకుతాయి. ఆ వస్తువులన్నీ నా మనవరాలు సాన్వి కనిపెట్టినవేనట. దానికి ఎనిమిదేళ్లు. రోజూ సాయంత్రం ఫణి కూరలు తరుగుతుంటే అది కిచెన్ కౌంటర్ ఎక్కి కూర్చుని, మనసుకి తోచిన వస్తువేదో చెప్పేది. "అలాంటిది ఉండదమ్మా" అని అతను ఒక్కసారీ అనేవాడు కాదు. మూడు ప్రశ్నలు అడిగేవాడు. ఏం చేస్తుంది? రోజుకి ఎన్నిసార్లు? దాంతో వచ్చే ఇబ్బందేంటి? జవాబులు అట్టముక్క మీద రాసుకుని శనివారం ఆటలో దింపేవాడు.

"ఇబ్బంది ఎందుకు నాన్నా?" అని ఒకరోజు అది అడిగింది.

"ఇబ్బంది లేకపోతే అందరూ రోజంతా అదే వాడుకుంటూ కూర్చుంటారు. కథ ముందుకి కదలదు."

నేను వచ్చాక అది కనిపెట్టిన మొదటి వస్తువు నా గరిటె. "అమ్మమ్మ గరిటె. మాన్‌స్టర్‌కి చూపిస్తే ఫైట్ చెయ్యడు. కూర్చుని తింటాడు."

"రోజుకి ఎన్నిసార్లు?"

"వన్స్. ఎందుకంటే అమ్మమ్మ టైర్డ్ అయిపోతుంది."

"ఇబ్బంది?"

అది నా వైపు ఓరగా చూసింది. "మొత్తం తినేదాకా ఎవ్వరూ లేవకూడదు. మనం కూడా."

ఆ శనివారం వంతెన మీద రాక్షసుడు అడ్డం వచ్చాడు. నీహారిక గరిటె తీసింది. రాక్షసుడు బుద్ధిగా కూర్చున్నాడు. వీళ్లూ కూర్చోవాల్సి వచ్చింది. ఈలోగా వెనక తరుముతున్న శత్రువులు రానే వచ్చారు. నోట్లో ముద్ద ఉండగా కత్తి దూయొచ్చా లేదా అని ఆర్యన్, ఫణి చాలాసేపు వాదించుకున్నారు. పొయ్యి దగ్గర నిలబడి నేనూ నవ్వాను. నవ్వినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. హాస్టల్లో నన్ను బుట్టలో వేసుకోవాలని చూసిన పిల్లలు కూడా ముందు నవ్వించేవాళ్లు.

జూన్ నెలాఖరుకి వస్తువుల తీరు మారింది. ఎంత ఎండలో పెట్టినా వేడెక్కని నీళ్ల సీసా వచ్చింది. తేళ్లు దూరని బూట్లు వచ్చాయి. ఆ తర్వాత దుప్పటి. అది రెండు ఊళ్లకి సరిపోయేంత పొడుగు. ఒక కొస ఇక్కడ కప్పుకుంటే రెండో కొస అక్కడున్నవాళ్లకి వెచ్చగా ఉంటుంది. దుప్పటి సంగతి విన్నరోజు ఫణి కత్తి పక్కన పెట్టి, కాసేపు ఉల్లిపాయల వంకే చూస్తూ నిలబడ్డాడు. ఎప్పుడూ టకటకా అడిగే మూడు ప్రశ్నలూ ఆ రోజు ఆగి ఆగి అడిగాడు. అది నేను కనిపెట్టకపోలేదు.

మర్నాడు సాన్వికి తలంటుతూ కూపీ లాగాను. "తేళ్లు ఎక్కడ చూశావే నువ్వు?"

"చూళ్లేదు. చాండ్లర్‌లో ఉంటాయి. షూస్ షేక్ చేసి వేసుకోవాలి."

"చాండ్లర్ ఎవరు?"

"ఎవరు కాదు అమ్మమ్మా, ప్లేస్. అరిజోనాలో."

"ఎవరు చెప్పారు నీకు?"

పిల్ల పెదాలు బిగించేసింది. "నోబడీ."

ఇరవయ్యేళ్లు విన్నాను ఆ మాట. "ఎవరూ లేదు మేడమ్" అన్న ప్రతిసారీ ఎవరో ఒకరు ఉండనే ఉండేవాళ్లు.

ఇంకో వారానికి ఫణి వీడియోలు చూస్తూ సాన్వికి జడ వేయడం నేర్చుకోవడం మొదలుపెట్టాడు. మూడు పాయలు కాస్తా ముప్పై చిక్కులయ్యేవి. పిల్ల కుయ్యోమనేది, అయినా వదిలేవాడు కాదు.

"మీకెందుకు బాబూ ఈ అవస్థ? వాళ్లమ్మ ఉందిగా, నేనున్నానుగా," అన్నాను.

అతని చేతులు ఆగాయి. "నేర్చుకుంటే మంచిదే కదా అత్తయ్యగారూ," అన్నాడు, తల పైకెత్తకుండా.

లెక్క తేలిపోయింది నాకు. ఈ పెద్దమనిషికి ఆ చాండ్లర్‌లో ఏదో ఉంది. ఉద్యోగమో, ఇంకో మనిషో. అక్కడికి పోతాడు, పిల్లనీ తీసుకుపోతాడు. అందుకే రోజూ సాయంత్రం ఆట పేరుతో దాని చెవిలో ఆ ఊరిని పోస్తున్నాడు. తల్లి అవసరం లేకుండా జడలు కూడా నేర్చేసుకుంటున్నాడు. నా కూతురు వెర్రిబాగుల్ది, మేడ మీద ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే కింద కాపురం జారిపోతోంది.

ఉతికిన బట్టలు మడతపెట్టేటప్పుడు నమ్రత చెవిన వేశాను. "నీ మొగుడు ఏదో నడుపుతున్నాడే."

"ఏం నడుపుతున్నాడు?" అంది తేలిగ్గా.

"చాండ్లర్‌లో ఏముంది?"

దాని చేతిలో దిండు గలీబు అలాగే ఉండిపోయింది. "ఎవరన్నారు?"

"నీ కూతురే. ఆయన ఆ ఆటలో పెట్టి దానికి నూరిపోస్తున్నాడు. కనుక్కోమంటావా?"

"వద్దమ్మా. ఆయన్ని ఏమీ అడక్కు. ప్లీజ్. నేను చూసుకుంటాను."

పిచ్చితల్లి, అన్నీ తెలిసే లోపల్లోపల కుమిలిపోతోంది అనుకున్నాను. ఒళ్లు మండిపోయింది. నన్ను ఊరుకోమంటే నేను ఊరుకునే మనిషినా?

ఆ శనివారం పొద్దున ప్లేనోలో ఇండియన్ స్టోర్‌కి ఫణి నన్ను కారులో తీసుకెళ్లాడు. దారిలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అడిగేశాను. "బాబూ, దాచకుండా చెప్పండి. చాండ్లర్‌లో మీకెవరున్నారు?"

అతను ఉలిక్కిపడలేదు. "ఇప్పటికైతే ఎవరూ లేరు అత్తయ్యగారూ. నమ్రత వెళ్తుంది."

పచ్చ లైటు పడింది. కారు కదిలింది.

"కంప్యూటర్ చిప్స్ తయారుచేసే కంపెనీలో జాబ్ వచ్చింది తనకి. సెప్టెంబర్‌లో జాయిన్ అవుతుందనుకుంటా."

"అనుకుంటా ఏంటి? మీకు చెప్పలేదా?"

"లేదు. సాన్వి చెప్పింది. అంటే, అదీ చెప్పలేదు. సీసా, బూట్లు విన్నప్పుడు ఏదో అనిపించింది. దుప్పటి దగ్గరికొచ్చేసరికి అర్థమైపోయింది, రెండో కొస ఏ ఊళ్లో, ఎప్పటి నుంచి అని అడిగితే మిగతాదీ తెలిసింది. నమ్రత పిల్లని సమ్మర్ క్యాంప్‌లో డ్రాప్ చేస్తూ కారులో తన ఫ్రెండ్ రాగిణితో ఫోన్లో మాట్లాడుతుంది కదా. తెలుగులో. సాన్వికి అర్థం కాదులే అనుకుంటుంది."

అక్కడి తల్లులూ తండ్రులూ అందరూ చేసే పనే అది. పిల్లలతో ఇంగ్లీషులో మాట్లాడతారు, పిల్లలకి తెలియకూడనిది తెలుగులో మాట్లాడుకుంటారు. ఇక ఆ పిల్లలు చెవులు రిక్కించి వినేది ఏ భాషనో వేరే చెప్పాలా?

"మరి మీరెందుకు అడగలేదు?" అన్నాను.

స్టోర్ ముందు కారు ఆపి, స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉంచాడు. "అడిగితే చెప్తుంది. చెప్తే ఇంక వెళ్లిపోవడమే. అడగనన్నాళ్లు ఇంకా ఏమీ కాలేదన్నట్టు ఉంటుంది కదా."

"ఆ జడలు?"

"సాన్విని నా దగ్గర వదిలి వెళ్తే నాకు రావాలి కదా అత్తయ్యగారూ."

లోపలికి వెళ్లి దొండకాయలు ఏరుతున్నానే కానీ ఏవి లేతవో ఏవి ముదురువో కళ్లకి ఆనలేదు. ఏడుపొచ్చేసింది. వేసవంతా కళ్లల్లో వత్తులు వేసుకుని ఈ మనిషికి కాపలా కాస్తే, గుట్టు నా కడుపున పుట్టిన దాని దగ్గర ఉంది. అంతలోనే ఇతని మీదా కోపం వచ్చింది. పెళ్లాం ఇల్లు వదిలి పోతోందని తెలిసి, వారాల తరబడి నోరు మూసుకుని అట్టముక్కలు రాసుకుంటూ కూర్చునే మగవాడిని ఏమనాలి?

ఇంటికి రాగానే నమ్రతని నిలదీద్దామనుకున్నాను. సాన్వి నాకు ఆ సందు ఇవ్వలేదు. మధ్యాహ్నం ఆర్యన్, నీహారిక వచ్చేసరికి అది మేడ మీదికి పోయి తల్లిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. "టుడే అమ్మ కూడా ఆడాలి. నా బెస్ట్ ఐటమ్ వస్తుంది."

నమ్రత కుర్చీ అంచున కూర్చుంది, ఇప్పుడే లేచి వెళ్లిపోతాననేటట్టు. కథలో వీళ్లు సొరంగం చివరికొచ్చారు. ఎదురుగా గోడ, వెనక రాక్షసుడు. అప్పుడు సాన్వి టేబుల్ మీద ఠక్కున ఒక పిడి పెట్టింది. ఫణి ఆ మధ్య బాత్‌రూమ్ తలుపుకి కొత్త పిడి బిగించాడు. ఇది ఊడదీసిన పాతది.

"దీన్ని ఏ గోడకి పెట్టినా డోర్ అయిపోతుంది," అంది.

"బాగుంది. ఎక్కడికి తెరుచుకుంటుంది?" అన్నాడు ఫణి పెన్ను తీస్తూ.

"అమ్మ కొత్త ఇంటికి. చాండ్లర్‌లో."

నీహారిక చేతిలోని పాచికని చప్పుడు కాకుండా కింద పెట్టింది.

"సాన్వీ, నీకెవరు చెప్పారు?" అంది నమ్రత.

"నువ్వే. కార్‌లో. రాగిణి ఆంటీకి చెప్పావు కదా. ఫణికి చెప్తే సరే అనేస్తాడు, అందుకే చెప్పట్లేదు అన్నావు."

ఫణి అట్టముక్క మీద ఏదో రాశాడు. రాసి, రోజూ కూతుర్ని అడిగే గొంతుతోనే అడిగాడు. "రోజుకి ఎన్నిసార్లు?"

"నాకు తెలీదు. అమ్మ చెప్పాలి. అమ్మ ఇల్లు కదా."

అతను భార్య వైపు తిరిగాడు. "ఎన్నిసార్లు?"

నమ్రత కళ్ల నిండా నీళ్లు. "శనివారాలు," అంది.

"ఇబ్బందేంటి?"

"ఇటువైపు తిప్పితే చాలదు. అటువైపు నేను కూడా తిప్పాలి. ఇద్దరూ తిప్పితేనే తెరుచుకుంటుంది."

ఫణి అది కూడా రాసుకున్నాడు. "సరే," అన్నాడు.

ఆ సరేకి చెంప ఛెళ్లుమనిపించాలన్నంత కోపం వచ్చింది నాకు. అల్లుడు కాబట్టి ఊరుకున్నాను.

మర్నాడు పెరట్లో నమ్రత ఒక్కతే దొరికింది. "ఎందుకే ఈ పని? కొట్టాడా, తిట్టాడా?"

"ఏమీ అనలేదమ్మా. అదే. పదేళ్లలో ఏమీ అనలేదు. ఈ ఇల్లు కొందామంటే సరే. ఇంకో పిల్ల వద్దంటే సరే. తనకి ఏం కావాలో ఒక్కసారి కూడా చెప్పలేదు. నేను ఉన్నా సరే, లేకపోయినా సరే అన్నట్టు ఉంటుంది నాకు. వెళ్లకు అని ఒక్క మాట అంటే ఆగిపోయేదాన్ని. నిన్న కూడా ఎదురుచూశాను."

"మరి నువ్వు అడగొచ్చుగా, ఉండమంటావా అని?"

"ఎన్నిసార్లు అడగాలమ్మా నేనే?"

హాస్టల్లో అయితే ఇద్దరినీ పిలిచి ఎదురెదురుగా నిలబెట్టేదాన్ని.

సెప్టెంబర్ మొదట్లో లేబర్ డే సెలవులవగానే నమ్రత వెళ్లింది. స్కూల్ ఏడాది పూర్తయ్యేదాకా సాన్వి ఇక్కడే ఉండేలా మాట్లాడుకున్నారు. ఆ తర్వాత ఏంటన్నది ఎవరూ మాట్లాడలేదు. ఫణి ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చి అంట్లు తోముకున్నాడు. ఇల్లంతా బిక్కుబిక్కుమంటూ ఉండేది.

శనివారాలు మాత్రం ఆట నడిచింది. వీళ్లు గోడ దగ్గరికి వస్తారు, సాన్వి డైనింగ్ హాల్ గోడకి పిడి ఆనించి తిప్పుతుంది. అటు నుంచి నమ్రత ఫోన్ చేస్తుంది. "డోర్ ఓపెన్ అయింది," అంటుంది సాన్వి. నమ్రత స్పీకర్‌లో లోపల ఏముందో చెప్తుంది. సోఫా లేని హాలు, పరదాల్లేని కిటికీ, బయట ఎండ. అందరూ ఆ ఇంట్లో కాసేపు తిరిగి వచ్చేస్తారు. ఫణి ఫోన్ చేయడు. తిప్పాల్సింది అటువైపు మనిషి అన్నట్టు, ఫోన్ టేబుల్ మీద పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చుంటాడు.

"మీ టీమ్‌కి చాండ్లర్ పక్కనే ఫీనిక్స్‌లో ఆఫీస్ ఉంది కదా. ట్రాన్స్‌ఫర్ అడగొచ్చు కదా ఫణీ," అన్నాడు ఆర్యన్ ఒకసారి.

"తను రమ్మనలేదు," అన్నాడు ఫణి.

నేను తిరుగు ప్రయాణానికి సర్దుకుంటున్న వారం. ఆ శనివారం సాన్వి పిడి తిప్పింది. ఫోన్ మోగలేదు. కాసేపాగి మళ్లీ తిప్పింది. టీలు చల్లారిపోయాయి. నాకు పాడు ఆలోచనలన్నీ వచ్చాయి. దీనికి అక్కడ అలవాటైపోయింది, ఇంక ఇలాగే ఒక్కో శనివారం మానేస్తుంది అనుకున్నాను. ఫణి మొహం చూస్తే అతనూ అదే అనుకుంటున్నట్టు తోచింది.

"ఈలోగా వేరే రూట్‌లో వెళ్దామా?" అన్నాడు ఆర్యన్ మెల్లగా.

సాన్వి తల అడ్డంగా ఊపింది. "నాన్నా, ఇటు నుంచి నాక్ చెయ్యకూడదని రూల్ ఉందా?"

ఫణి అట్టముక్క తీసి చూశాడు. "లేదు."

"మరి నువ్వెందుకు నాక్ చెయ్యట్లేదు?"

చెప్పడానికి నా నోటి దాకా ఎన్నో మాటలు వచ్చాయి. అన్నీ మింగేశాను. ఫణి ఆ అట్టముక్కని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఆర్యన్, నీహారిక టేబుల్ వంక చూస్తున్నారు. చివరికి ఫోన్ అందుకుని నంబర్ నొక్కి, అందరి మధ్యా పెట్టాడు. చాలాసేపు మోగింది.

"సారీ, సారీ," అంది నమ్రత ఆయాసపడుతూ. "ప్లాంట్‌లో ఉండిపోయాను, లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. ఇప్పుడే బయటికొచ్చాను. సాన్వి అలిగిందా?"

"సాన్వి కోసం కాదు. నేనే చేశాను," అన్నాడు ఫణి.

అట్టముక్క పక్కన పెట్టేశాడు.

"నువ్వు లేకుండా ఇక్కడ నాకు బాగాలేదు నమ్రతా. ట్రాన్స్‌ఫర్ అడుగుతాను. నాకు అక్కడికి రావాలని ఉంది." పెళ్లయిన పదేళ్లలో ఆ మనిషి తనకి ఇది కావాలి అనడం నేను వినడం అదే మొదలు. "రావచ్చా?"

ఫోన్‌లో కార్లు పోతున్న చప్పుడు వినబడుతోంది. నమ్రత ఏడుస్తోందో, ఊపిరి తీసుకుంటోందో తెలియలేదు. సాన్వి కుర్చీ ఎక్కి ఫోన్ మీదికి వంగింది.

"అమ్మా, యెస్ ఆర్ నో తొందరగా చెప్పు. మా వెనక మాన్‌స్టర్ ఉన్నాడు."

"రండి," అంది నమ్రత. "ఇద్దరూ రండి."